చేప గుర్తు లేని చెంచా

"మగ్గం మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యమను దాన్ని! అప్పుడు నమ్ముత."

సావిత్రి గొంతు కొత్తవాడ సందు చివరిదాకా వినబడింది. పక్కింట్లో ఆడుతున్న మగ్గం టక్కున ఆగింది. దారం తెగి ఆగిన మగ్గం కాదది. నేసేవాళ్ళు చేతులు ఆపి చెవులు ఇటు పెట్టారు.

సరోజన గడప దగ్గర నిలబడి ఉంది. తెల్లవారినప్పటి నుంచి ఆమెను కూర్చోమన్నవాళ్ళు లేరు. తనంతట తాను కూర్చుందామంటే, ఈ ఇంట్లో తన చోటు ఎక్కడో నిన్నటి నుంచి ఆమెకే అంతుపట్టడం లేదు.

చాప మీద మూడు వెండి చెంచాలున్నాయి. పసిపిల్లలకు ఉగ్గు పట్టే చెంచాలు. కాడ కొసన ముక్కు వంచుకున్న చిలుక, చిలుక కాళ్ళ కింద నుంచి గిన్నె దాకా మెలితిరిగిన తీగ. బోర్లిస్తే కాడ వెనక వడ్లగింజంత చేప గుర్తు.

అది పాలంపేటలో వెండిపని చేసే అవుసలాయన ముద్ర. సరోజన అత్త పోశవ్వ తల్లిగారి ఊరు పాలంపేట. ఆమెకు కాన్పు అయినప్పుడల్లా తల్లిగారు ఆ అవుసలాయన చేతనే చెంచా చేయించి పురుడు వేడుక నాటికి పట్టుకొచ్చారు. బిడ్డకు మొదటి చెంచా తల్లి పుట్టింటి నుంచే రావాలి. అందుకే ఆ వాడలో ఎవరింటి ఉగ్గు చెంచా బోర్లించి చూసినా, ఆ బిడ్డను కన్నతల్లి ఏ ఊరి ఆడపడుచో చెప్పేయవచ్చు.

నాలుగో చెంచా చాప మీద లేదు. నిన్న సావిత్రి దాన్ని బోర్లించి, చేపకు బదులు ఏదో ఆకు కనబడగానే మండిపడి విసిరికొట్టింది. అది పోయి మగ్గం గుంటలో పడింది. ఎవరూ తీయలేదు.

పోశవ్వకు జ్వరం తగిలి దవాఖాన చుట్టూ తిరిగినన్ని రోజులూ చెంచాలు దాచే సందుగ పెట్టె తాళం సరోజన కొంగున ఉంది. సావిత్రి చేతిలో ఉన్న సాక్ష్యం అదొక్కటే. ఆమెకు అది చాలు.

"అవ్వా, నువ్వెందుకు మాట్లాడవు?" సావిత్రి తల్లి వైపు తిరిగింది. "చేప గుర్తు చెంచా తీసి, బజారు చెంచా పెట్టింది నీ కోడలు. నువ్వేమో నోట్లె నీళ్ళు పోసుకున్నట్టు కూసున్నవు."

పోశవ్వ గోడకు ఆనుకుని, దుప్పటి మోకాళ్ళ మీదికి లాక్కుంది. "మగ్గం మీద ఒట్లు వద్దు" అన్నది.

"ఎందుకు వద్దు?"

"వద్దంటే వద్దు. మనకు అన్నం పెట్టే మగ్గం. దాన్ని మీ కొట్లాటల్లకు గుంజకుండ్రి."

"నేను వేస్త అత్తా" అంది సరోజన. "వదినె అడిగింది గదా. ఇప్పుడే వేస్త."

రెండడుగులు ముందుకు వేసిందో లేదో, జ్వరం మనిషి పోశవ్వ దిగ్గున లేచి మగ్గానికి అడ్డంగా నిలబడింది. చెయ్యి గట్టిగా చాచి ఉంది.

"నన్ను దాటుకొని పో. పోయి ఎయ్యి ఒట్టు."

సరోజన ఆగిపోయింది.

సావిత్రి చప్పట్లు కొట్టినంత పని చేసింది. "చూసినవా తమ్మీ? ఒట్టేస్తే ఏమైతదో అవ్వకు ఎరుకనే. అబద్ధపు ఒట్టేసి కోడలు కండ్లు పోగొట్టుకుంటదని భయం!"

తమ్ముడు పర్శరాములు మగ్గం గుంట అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాడు. సగం నేసిన జంపఖానా మీద చెయ్యి పెట్టి, దాని ఎర్రచారలు ఎన్నడూ చూడనట్టు చూస్తున్నాడు. సరోజన మొగుడు అతనే. ఆ సంగతి నిన్నటి నుంచి అతను మరిచిపోయినట్టున్నాడు.

"సరోజనా" అన్నాడు తల ఎత్తకుండానే. "ఏడనన్న పెట్టి మర్శినవేమో, జర యాది చేసుకో. ఉంటే ఇచ్చెయ్యరాదూ. లొల్లి వోతది."

సావిత్రి తిట్లన్నీ ఒక ఎత్తు, ఆ మెత్తని మాట ఒక ఎత్తు.

"తియ్యనిది ఏడికెల్లి తెచ్చియ్యాలె?" అంది సరోజన.

"కరగపోసి పట్టీలు చేయించుకున్నదేమో, కాళ్ళు చూడు తమ్మీ" అంది సావిత్రి. "నేను అప్పుడే అనుకున్న. తొర్రూరు దిక్కోళ్ళు పెట్టిన పట్టీలు గింత బరువెట్లున్నయని."

"వదినే, మా తల్లిగారిని అనకు."

"అంటే ఏం చేస్తవు? ఎల్లుండి నా బిడ్డ కమలకు పురుడు. అమ్మమ్మనై ఉత్త చేతులు ఊపుకుంట పోవాల్నా? కొత్త చెంచా నా మొగుడు కొనలేడనా ఈడికొచ్చింది? నా చెంచా నా మనుమని నోట్లె పెట్టాలని ఆశపడి వచ్చిన. నా పండ్ల గాట్లున్న చెంచా!"

ఆ గాట్ల కథ ఇంటిల్లిపాదికీ తెలుసు. సరోజన ఈ ఇంట్లో అడుగుపెట్టిన కొత్తలో అత్త ఆమెకు చెప్పిన మొదటి ముచ్చట అదే. సావిత్రి పసిదిగా ఉన్నప్పుడు చెంచా కరిచి పట్టిందంటే ముక్కు మూస్తే గాని విడిచేది కాదట. వెండి మీద పాలపళ్ళు దిగేవట. చెప్పినప్పుడల్లా పోశవ్వ తన బొటనవేలు ముందుకు చాపి, అక్కడ కూడా కరిచేదని చూపించి నవ్వేది.

"ఈ మూడిట్ల గాట్లున్న చెంచా లేదు" అంది సావిత్రి. "పర్శిగానిది ఉన్నది. భివండిల ఉన్న చెల్లెది ఉన్నది. సచ్చిపోయిన తమ్మునిది ఉన్నది. పోయింది నాదే. ఏరి ఏరి నాదే తీసింది, చూడు!"

సరోజన అత్త ముఖంలోకి చూసింది. పోశవ్వ చూపు నేల మీద ఉంది.

"నీ అన్నకు కబురు పోయింది" అంటూ సావిత్రి చెంచాలు మూడూ గుడ్డలో చుట్టింది. "పగటి బస్సుకు వస్తాండు. బట్టలు సదురుకో. పిల్ల మాత్రం ఈడనే ఉంటది. మా ఇంటి పిల్ల, మా ఇంట్లనే పెరుగుతది."

*

సావిత్రి బిందె పట్టుకుని నల్లా దగ్గరికి పోయింది. నీళ్ళకు కాదని అందరికీ తెలుసు. అక్కడ ఆడవాళ్ళు నలుగురుంటారు.

పర్శరాములు చొక్కా తగిలించుకుని బస్టాండు వైపు నడిచాడు.

సరోజన మగ్గం గుంటలోకి దిగింది. నూలు పొట్టులో వేళ్ళు పెట్టి వెతికితే, తొక్కుడు కర్ర కింద చల్లగా తగిలింది. నల్లగా మసిబారిన చెంచా.

ఈ చెంచాను ఆమె నిన్నటిదాకా చూడనే లేదు. ప్రతి దసరాకూ అత్త మూడు చెంచాలే ఇచ్చి తోమమనేది. నాలుగోదాన్ని సందుగ అడుగున పాత రవిక గుడ్డలో చుట్టి ఉంచేది. నిన్న సావిత్రి తొందర పెడుతుంటే, అత్త ఇంట్లో లేని వేళ, ఆ గుడ్డ ముడి విప్పింది సరోజనే. దాచిన ముడి అని ఆమెకేం తెలుసు?

వంటింట్లో కూర్చుని చింతపండు, బూడిద కలిపి రుద్దింది. నలుపు జారి తెలుపు తేలింది. రుద్దుతున్న కొద్దీ ఇది ఆ మూడింటి తోడు కాదని తెలిసిపోతూనే ఉంది. చిలుక లేదు. మెలి లేదు. కాడను పలకలా సాగగొట్టి, కొసన ఒక మామిడిపిందె గీసి, పిందె నిండా చుక్కలు కొట్టారు. పాలంపేట ఆయన వెండిని తీగ చేసి ఆడించే మనిషి. ఇది వేరే చెయ్యి. సుత్తితో, మొలతో పని చేసే చెయ్యి. వెనక మూడు రేకుల మారేడాకు గుర్తు.

అయినా బజారు చెంచా మాత్రం కాదు. కొత్త చెంచా అయితే చుక్కలు వేలికి గరుకుగా తగలాలి. వీటిలో పై వరుసవి ఇంకా గరుకుగానే ఉన్నాయి. బొటనవేలు ఆనే చోట మాత్రం అరిగి నున్నబడ్డాయి. ఎవరో దీన్ని పట్టుకుని ఏండ్లకేండ్లు ఒక బిడ్డకు పాలు పట్టారు.

గిన్నె అంచు తోమబోయి సరోజన ఆగింది.

అంచు లోపల రెండు చిన్న నొక్కులు. వెనక వైపు సరిగ్గా వాటి కింద ఇంకొకటి. ఆమె బొటనవేలు వాటి మీద నిలిచిపోయింది.

ఇది ఎవరూ మార్చి పెట్టిన చెంచా కాదు. ఇదే సావిత్రి చెంచా.

గుండె తేలికపడింది. లేచి గట్టిగా పిలవబోయింది. 'వదినే, దొరికింది!' అనే మాట నాలుక మీద ఉండగానే, చెంచా ఆమె చేతిలో బోర్లా తిరిగింది. మారేడాకు.

ఈ చెంచా పాలంపేట నుంచి రాలేదు. పోశవ్వ పుట్టింటివాళ్ళు తేలేదు. మరి ఈ చెంచా తెచ్చిన తల్లిగారు ఎవరు? వాళ్ళు ఎవరి కాన్పుకు తెచ్చినట్టు?

పిలవకుండానే మళ్ళీ కూర్చుంది.

"దాన్నెందుకు తోమినవు?"

వంటింటి వాకిట్లో పోశవ్వ. ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో.

"అత్తా, ఈ గుర్తు ఏ ఊరిది?"

పోశవ్వ లోపలికి వచ్చి తలుపు దగ్గరికి వేసింది. "ఇంకెవరన్న చూసిన్రా ఆ గాట్లు?"

"లేదు."

"చూడొద్దు."

పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. ఇద్దరిలో ఎవరూ బియ్యం వేయలేదు.

"షోలాపూర్‌ది" అంది పోశవ్వ చివరికి. "మీ మామ ఆడ మిల్లుల పనిచేసేటప్పుడు, నాకంటె ముందుగాల చేసుకున్న మనిషి. ఆ ఊరోళ్ళే. కాన్పయినంక ఎక్కువ దినాలు బతకలే. ఇంక పండ్లు రాని పిల్లను తెచ్చి నా ఒళ్ళె ఏసిండు. పెండ్లయి నేను ఇంక నిండ నెల కాపురం చెయ్యలే. గాట్లన్నీ నా చేతుల పడ్డయే."

"వదినెకు ఎరుక లేదా?"

"ఎరుకైతే గిట్ల అరుస్తదా? నేనే కన్ననని చెప్పిన. ఈ వాడకు వచ్చినంక అందరికి అదే చెప్పిన. మా వాళ్ళల్ల ఎరుకున్నోళ్ళు పోయిన్రు. ఇప్పుడు కాదని చెప్పాల్నా? అది మనుమన్ని ఎత్తుకునే నాడు?"

"మరి నన్ను దొంగనంటాంటే ఊకున్నవు గదత్తా. నేను ఒట్టేస్తే ఈ ఆకు ఏడిదని అడుగుతరనే అడ్డం నిలబడ్డవు."

"నువ్వు పోతే మల్లొస్తవు" అంది పోశవ్వ. ఆ మాట ఎప్పుడో కూడగట్టుకుని ఉంచుకున్నట్టు తడుముకోకుండా వచ్చింది. "పండుగకు నేనే మనిషిని తోలి పిలిపిస్త. అది పోతే రాదు."

"దొంగనై పోయినదాన్ని మల్లొస్తే ఏమంటరు? దొంగ మల్లొచ్చిందంటరు."

"ఓర్సుకో. నేను ఓర్సుకోలేదా?"

"నా బిడ్డ?"

"నా దగ్గరుంటది. నాకు పరాయి పిల్లలను సాదుడు రాదా?"

అన్నాక పోశవ్వకే ఆ మాట వినబడింది. పెదవి కొరుక్కుంది. ఒక్క క్షణం అత్త మీద సరోజనకు జాలి కలిగింది. ఆ క్షణాన పోశవ్వ ఏడ్చి ఉంటే, బహుశా ఆ చెంచా అక్కడికక్కడే ఇచ్చేసి, బట్టల మూట కట్టుకుని అన్న వెంట నడిచేదేమో.

పోశవ్వ ఏడవలేదు. చెయ్యి చాపింది.

"ఇటు ఇయ్యి. ఆ మాట నీ నోట్లకెల్లి ఎల్లిందనుకో, ఈ గడప నీకు మల్ల లేదు. ఇప్పటిదాక నిన్ను నేను దొంగ అనలే. అప్పుడు నేనే అంట. నలుగురి ముంగట అంట. నా మాట నమ్ముతరా, నీ మాట నమ్ముతరా?"

సరోజన చెంచాను కొంగుతో తుడిచింది. నడుము దగ్గర దోపుకుంది.

"బియ్యం ఏస్త. జరుగత్తా" అంది.

*

సరోజన అన్న ఎల్లస్వామి చెప్పులు వాకిట్లో విడిచాడు కాని గడప దాటలేదు. పర్శరాములు మంచినీళ్ళ చెంబు అందించాడు. ఎల్లస్వామి దాన్ని అందుకోలేదు. చెల్లెలిని ఇచ్చిన ఇంట్లో నీళ్ళు ముట్టని అన్న ఏం చెప్పదలుచుకున్నాడో ఆ చెంబు పట్టుకున్నవాడికి అర్థమైంది.

"నా చెల్లె దొంగతనం చేసిందని కబురు పంపిన్రట. ఎవరు పంపిన్రు?"

"నేనే" అంది సావిత్రి. "తీసుకపోతవని పంపిన. పంచాయితి చేస్తవని కాదు."

"పంచాయితి చేయకుంట ఎట్ల తీసుకపోత? మేక పిల్లనా, తాడు కట్టి గుంజుకపోవడానికి?"

"మేక అయితే నయ్యం. ఆకులు తింటది. ఇది వెండి తింటది."

"అక్కా, మాట జర చూసుకో."

"చూసుకోవాల్సింది నువ్వు. ఏం నేర్పి పంపిన్రు దానికి మీ ఇంట్ల? తలకాయ దించుకొని తిరుగుతాంటే బుద్ధిమంతురాలనుకున్నం. కిందికి చూసుకుంట తాళాలు ఏరుకుంటాందని మాకేం ఎరుక?"

ఎల్లస్వామి బావ వైపు తిరిగాడు. "బావా, నువ్వేమంటవు?"

పర్శరాములు చెంబును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "నేనేమంట? అక్క మనసు కష్టపడ్డది."

"నీ పెండ్లాం మనసు?"

చెంబులో నీళ్ళు కాస్త ఒలికాయి.

"సరే" అన్నాడు ఎల్లస్వామి. "మా శారద చెంచా తెండ్రి."

సరోజన కూతురు శారద పురిటికి అతనే పట్టుకొచ్చిన చెంచా అది. సరోజన గూట్లోంచి తీసి ఇచ్చింది. అతను దాన్ని బోర్లించి సావిత్రి ముందు పెట్టాడు.

"మొగ్గ గుర్తు. మా దిక్కు అవుసలాయనది. మా ఇండ్లల్ల చెంచా అంటే ఆయనే చెయ్యాలె. మీ సందుగల ఎల్లిన చెంచా మీద ఈ మొగ్గ ఉన్నదా?"

"లేదు. ఆకున్నది" అన్నాడు పర్శరాములు.

"మరి మాదెట్లయితది?"

"దొంగతనం చేసేటోడు ఇంటి పేరు రాసి పోతడా?" అంది సావిత్రి. శారద చెంచాను చేతిలోకి తీసుకుని పైకీ కిందికీ ఊపి బరువు చూసింది. "అబ్బో, బాగానే ఉన్నది బరువు! మా వెండి గిందుల్నే కలిసి ఉండొచ్చు. ఇది గూడ ఈడనే ఉంటది." కొంగున వేసి ముడి బిగించింది.

మేనమామ పక్కన నిలబడ్డ శారద చెయ్యి చాపింది. "అత్తా, అది నా చెంచా."

"దొంగదాని బిడ్డకు వెండి చెంచా ఎందుకే? సత్తు చెంచా చాలు."

శారదకు ఆ మాట ఎంత అర్థమైందో తెలియదు. చాపిన చెయ్యి మాత్రం మెల్లగా వెనక్కి తీసుకుని గౌను వెనక దాచుకుంది.

సరోజన ఆ చెయ్యి చూసింది. తాను లేనప్పుడు ఈ పిల్ల ఈ ఇంట్లో ఎన్నిసార్లు అట్లా చెయ్యి వెనక్కి తీసుకోవాలో, పెరిగి పెద్దదయ్యేదాకా, ఆమె కళ్ళకు కట్టింది.

"అత్తా" అంది. గొంతు పెద్దది చేయలేదు. "నువ్వు చెప్తవా?"

అందరూ పోశవ్వ వైపు చూశారు. పోశవ్వ కోడలి కళ్ళలోకి సూటిగా చూసింది. ఆ చూపులో వేడుకోలు ఉంది, బెదిరింపూ ఉంది. గెలిచింది బెదిరింపే.

"నేనేం చెప్పాలె? తాళం దాని దగ్గరనే ఉండె" అంది.

ఎల్లస్వామి తల వాల్చేశాడు. పెద్దమనిషే అన్నాక ఇంకేముంది?

సరోజన నడుము దగ్గరి చెంచా తీసింది.

"వదినే, నీ చెంచా యాడికి పోలే. ఇగో."

"ఆ బజారు దాన్ని నాకెందుకు చూపిస్తవు?"

"బోర్లించకు. ముందుగాల అంచు మీద వేలు పెట్టి చూడు."

సావిత్రి మూతి తిప్పుకుంటూనే అందుకుంది. తోమిన వెండి ఎండకు తళుక్కుమంది. బొటనవేలితో అంచు తడిమింది. తడిమిన వేలు వెనక్కి వచ్చింది. మళ్ళీ తడిమింది. నోరు కొంచెం తెరుచుకుంది. చెంచా ఎత్తి, పసిపిల్లలా, ముందు పళ్ళ మధ్య పెట్టి చూసుకుంది.

"నాదే!" అంది. అంతసేపూ అరిచిన గొంతేనా అది అనిపించింది. "అవ్వా, నాదే ఇది! గాట్లున్నయి చూడు. నువ్వు చెప్పినట్టే ఉన్నయి!"

పర్శరాములు ముఖం వెలిగిపోయింది. "చూసినవా అక్కా? పోలే. ఇంట్లనే ఉన్నది. ఉత్తగనే ఇంత లొల్లి." చెంబు తీసుకుని బావమరిది దగ్గరికి నడిచాడు. "తాగు బావా. ఫికర్ పోయింది."

ఎల్లస్వామి ఇంకా నీళ్ళు అందుకోలేదు. అతను చెంచా వైపే చూస్తున్నాడు. ఆ మనిషికి ఏ దాపరికమూ తెలియదు. అందరికీ తెలిసిన మాటే అన్నాడు.

"మరి దీని మీద పాలంపేట గుర్తు లేదనే గద కబురు పంపిన్రు. చెంచా ఆమెదే అయితే, ఏ ఊరి తల్లిగారు పెట్టిన్రు?"

సావిత్రి ముఖాన నవ్వు ఇంకా ఉంది. అది పోవడానికి కొంచెం సేపు పట్టింది. చెంచా బోర్లించింది. మారేడాకు మీద బొటనవేలు పెట్టింది. పాలంపేట చెంచాల మూట విప్పి ఒక్కొక్కటే తిప్పి చూసింది. చేప. చేప. చేప. మళ్ళీ తన చేతిలోది చూసుకుంది.

"అవ్వా, ఇదేం గుర్తు?"

పోశవ్వ కొంగు భుజం మీదికి లాక్కుంది.

"తమ్మునికి చేప పెట్టిన్రు. చెల్లెకు చేప పెట్టిన్రు. సచ్చిపోయినోనికి గూడ చేపనే పెట్టిన్రు. నాకు ఆకెందుకు పెట్టిన్రు?"

"గాట్లు నా చేతుల పడ్డయి బిడ్డా" అంది పోశవ్వ. బొటనవేలు ముందుకు చాచింది, ఎప్పుడూ ఆ ముచ్చట చెప్పేటప్పుడు చాచినట్టే. "చూడు. ఈడ గూడ కరిచేదానివి."

"నేను గాట్ల ముచ్చట అడుగుతలేను. గుర్తు ముచ్చట అడుగుతాన్న."

పోశవ్వ బొటనవేలు గాలిలో అట్లాగే ఉండిపోయింది. పర్శరాములు చెంబు కింద పెట్టాడు. అతనికి కూడా ఇప్పుడు అర్థమవుతోంది.

సావిత్రి సరోజన వైపు తిరిగింది. "నీకు ఎరుకనే గదనే? ఎరుకయ్యే బోర్లించకన్నవు."

"వదినే, నేను..."

"నువ్వేం చెప్పకు. నీ నోటితోని నాకు ఒద్దు."

సరోజన మీద ఇప్పుడు దొంగతనం లేదు. అయినా ఎవరూ ఆమెను కూర్చోమనలేదు. శారద చెంచా ఇంకా సావిత్రి కొంగు ముడిలోనే ఉంది. దాన్ని ఇప్పుడు ఇమ్మని అడగడానికి సరోజనకు నోరు రాలేదు.

సావిత్రి లేచి తల్లి దగ్గరికి నడిచింది. పోశవ్వ మణికట్టు పట్టుకుంది. జ్వరంతో కాలుతున్న చెయ్యి అది. ఆ వేడికి కూడా సావిత్రి పట్టు సడలలేదు. మగ్గం దగ్గరికి, సగం నేసిన జంపఖానా దగ్గరికి తల్లిని లాక్కుపోయింది.

"పొద్దున ఒట్టు వద్దన్నవు. కోడలి మీద ప్రేమనుకున్న. ఇప్పుడు నేను అడుగుతాన్న. చెయ్యి పెట్టు అవ్వా."

"సావిత్రీ..."

"నన్ను కన్నది నువ్వేనని చెప్పి చెయ్యి పెట్టు. ఈ చెంచాను ఇప్పుడే బాయిల పారేస్త. ఇగ జన్మల అడుగ. పెట్టు!"

పక్కింట్లో ఎప్పుడో మళ్ళీ మొదలైన మగ్గం ఆగింది.

పోశవ్వ చెయ్యి మగ్గం దాకా వచ్చింది. ఎర్రచారల మీద, బెత్తెడు ఎత్తున, వేళ్ళు విప్పి, అక్కడే నిలిచిపోయింది.